ప్రో సే

అమెరికా ఫెడరల్ కోర్టు కాగితాల్లో లాయరు పేరు ఉండాల్సిన చోట తరచూ ‘ప్రో సే’ అని కనిపిస్తుంది. లాటిన్‌లో ‘తన తరఫున తానే’ అని. వకాల్తా ఎవరికీ ఇవ్వకుండా తన దావా తానే వాదించుకునేవారన్నమాట. మన హైకోర్టుల్లో ‘పార్టీ ఇన్ పర్సన్’ అంటారు.

అక్కడ ఈ హక్కు 1789 నాటి జ్యుడీషియరీ చట్టంలోనే ఉంది. ఆ తర్వాత ఇల్లినాయ్ ఖైదీ ఒకాయన, ఏకాంత చెరలో నేలమీద పడుకోబెట్టడంతో కాలి బాధ ముదిరిందని జైలు అధికారుల మీద స్వయంగా ఫిర్యాదు రాసుకున్నాడు. కింది కోర్టులు కొట్టేశాయి. 1972లో సుప్రీంకోర్టు (హెయిన్స్ వర్సెస్ కెర్నర్) దాన్ని తిరగదోడి, ఇలాంటి ఫిర్యాదులను లాయర్లు రాసినవాటిలా కచ్చితంగా తూచకూడదంది.

సడలింపు రాతకే, చట్టానికి కాదు. ప్రతివాది ప్రభుత్వమైతే సార్వభౌమ రక్షణ అడ్డొస్తుంది. ప్రభుత్వం ఒప్పుకున్న మేరకే దాన్ని కోర్టుకీడ్చగలం. రాష్ట్రాలకు రాజ్యాంగ 11వ సవరణ అండ వేరే. దాంతో సాక్ష్యాల దాకా పోకుండానే చాలా కేసులు డిస్మిస్ అవుతాయి. ఉత్తర్వులో ‘వితౌట్ ప్రెజుడిస్’ అని ఉంటే మళ్లీ వేసుకోవచ్చు. ‘విత్’ అని ఉంటే మిగిలేది అప్పీలే. అన్నట్టు, కంపెనీలకు ఈ ‘ప్రో సే’ సౌకర్యం లేదు. లాయరు ఉండి తీరాలి.