స్వయం ప్రతిరక్షక వ్యాధులు - చికిత్స, దుష్ఫలితాలు

స్వయం ప్రతిరక్షక వ్యాధులు అనగా శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కణజాలాన్నే పరాయిదిగా భావించి దాడి చేయడం వలన కలిగే వ్యాధులు. వీటిని ఆటోఇమ్యూన్ వ్యాధులు అని కూడా అంటారు. కీళ్ళవాతంగా వ్యవహరించే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, లూపస్, సోరియాసిస్, బొల్లి, మొదటి రకం మధుమేహం, హషిమోటో థైరాయిడ్ వ్యాధి, సీలియాక్ వ్యాధి, మయోసైటిస్ మొదలైనవి ఈ వర్గానికి చెందుతాయి. ఇవి అంటువ్యాధులు కావు. వీటిలో చాలా వరకు పూర్తిగా నయం కావు కాని, క్రమం తప్పని చికిత్సతో అదుపులో ఉంటాయి.

ఈ వ్యాధులకు వాడే ముఖ్యమైన మందులు రక్షణ వ్యవస్థ ఉద్ధృతిని తగ్గిస్తాయి. అందువలన మేలు చేసే గుణం, కీడు చేసే గుణం ఒకే మందులో కలిసి ఉంటాయి. మందు పనిచేస్తున్నదా అని చూడటం ఎంత అవసరమో, అది హాని చేస్తున్నదా అని కనిపెట్టి ఉండటం కూడా అంతే అవసరం. ఈ వ్యాసంలో ఆ విషయాలతో పాటు, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల వాతావరణం, వృత్తులు, వైద్య సౌకర్యాలకు సంబంధించిన అంశాలు కూడా వివరించబడినవి.

వ్యాధి స్వభావం

రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు అనేవి సూక్ష్మజీవులను గుర్తించి నాశనం చేస్తాయి. సొంత కణాలను, పరాయి కణాలను వేరుగా గుర్తించే శక్తి వీటికి ఉంటుంది. ఆ గుర్తింపు దెబ్బతిన్నప్పుడు సొంత కణజాలానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారవుతాయి. దాడి కీళ్ళ పొరపై జరిగితే కీళ్ళవాతం, చర్మానికి రంగునిచ్చే కణాలపై జరిగితే బొల్లి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలపై జరిగితే మొదటి రకం మధుమేహం వస్తాయి. లూపస్‌లో చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు, రక్తం వంటి అనేక భాగాలు ఒకేసారి దెబ్బతినవచ్చు.

వంశపారంపర్య లక్షణాలు, పొగ త్రాగడం, కొన్ని వైరస్‌లు, కొన్ని రకాల ధూళి ఇందుకు దోహదం చేస్తాయి. ఈ వ్యాధులలో ఎక్కువ భాగం పురుషులలో కంటే స్త్రీలలో అధికంగా కనిపిస్తాయి. లూపస్ రోగులలో ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే.

చరిత్ర

శరీరం తనపై తానే దాడి చేసుకోవడాన్ని ప్రకృతి సహించదని 20వ శతాబ్దపు ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అభిప్రాయపడ్డాడు. ఆయన మాటకున్న గౌరవం వలన చాలాకాలం శాస్త్రవేత్తలు ఈ వైపు దృష్టి సారించలేదు. 1956లో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీలు కుందేళ్ళపై చేసిన థైరాయిడ్ ప్రయోగాలతో ఆ అభిప్రాయం మారింది. రక్షణ వ్యవస్థను అదుపుచేసే నియంత్రణ కణాలపై పరిశోధనలకు గాను 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచీలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

చికిత్సలో మొదటి పెద్ద మలుపు 1948లో వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం తీవ్రమైన కీళ్ళవాతంతో బాధపడుతున్న రోగికి కార్టిసోన్ ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితం సాధించింది. దీనికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మందు మానగానే వ్యాధి తిరిగి రావడం, ఎక్కువకాలం వాడితే తీవ్రమైన దుష్ఫలితాలు కలగడం కొద్దికాలంలోనే తెలిసివచ్చాయి.

రెండవ మలుపులో తెలుగువాని పాత్ర ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి సారథ్యం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తరువాత ఆ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను కూడా రూపొందించింది. ఇవి మొదట రక్త క్యాన్సరుకు ఉపయోగపడ్డాయి. 1951లో గుబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు పనిచేస్తుందని గమనించాడు. 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి అనుమతించింది. నేడు కీళ్ళవాతం చికిత్సలో సాధారణంగా మొదట ఎంచుకునే మందు ఇదే. దీని దుష్ఫలితాలను తగ్గించటానికి ఇచ్చేది కూడా ఆ బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే కావడం విశేషం.

ముఖ్యమైన మందులు, వాటి దుష్ఫలితాలు

మెథోట్రెక్సేట్: ఈ మందును కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వాడాలి. రోజూ వాడే మాత్ర అని పొరబడి వరుసగా మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. నోటిలో పుండ్లు, జ్వరం, ఒంటిపై కమిలిన మచ్చలు దీనికి తొలి హెచ్చరికలు. కనుక వారంలో ఒక రోజును నిర్ణయించుకొని, ఆ రోజు పేరును మందు చీటీపైన, మాత్రల అట్టపైన తెలుగులో వ్రాయించుకోవడం మంచిది. ఫోలిక్ ఆమ్లం మాత్రను సాధారణంగా మరొక రోజున ఇస్తారు. ఈ రెండూ పసుపుపచ్చని చిన్న మాత్రలుగా దొరకవచ్చు గనుక రంగును బట్టి కాక పేరును బట్టి గుర్తించాలి. వికారం, నీరసం సాధారణమైన ఇబ్బందులు. కాలేయం, రక్తకణాలు, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో కొద్ది వారాలకు ఒకసారి, తరువాత రెండు, మూడు నెలలకు ఒకసారి చేయించాలి. మద్యం మానివేయాలి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి.

స్టెరాయిడ్లు: ప్రెడ్నిసొలోన్ వంటి మందులు నొప్పిని, వాపును త్వరగా తగ్గిస్తాయి. ఎక్కువకాలం వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బడం, రక్తంలో చక్కెర, రక్తపోటు పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు, తరచుగా అంటురోగాలు కలుగుతాయి. మూడు వారాలకు మించి వాడినవారు ఒక్కసారిగా మానరాదు. బయటినుండి స్టెరాయిడ్ అందుతున్నంతకాలం అడ్రినల్ గ్రంథులు తమ పనిని తగ్గించుకుంటాయి. హఠాత్తుగా మానితే వాంతులు, కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం జరిగి ప్రాణానికే ముప్పు రావచ్చు. మోతాదును వైద్యుని సలహాపై మెల్లగా తగ్గించాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్: ఇది మలేరియా మందుల కుటుంబానికి చెందినది. లూపస్ రోగులకు దాదాపు జీవితాంతం ఇస్తారు. చాలామందికి సరిపడుతుంది. సంవత్సరాల తరబడి వాడినప్పుడు కంటి రెటీనా దెబ్బతినే అవకాశం ఉన్నందున మోతాదు రోజుకు శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. ప్రారంభంలో ఒకసారి, ఐదేళ్ళ తరువాత ఏటా కంటి పరీక్ష అవసరం. 2020లో కోవిడ్‌కు పనిచేస్తుందనే ప్రచారంతో దీనికి కొరత ఏర్పడి లూపస్ రోగులు ఇబ్బంది పడ్డారు.

అజాథయోప్రిన్: తెల్లకణాల సంఖ్య ప్రమాదకరంగా తగ్గవచ్చు. ఆసియా ప్రజలలో కొందరికి ఉండే ఒక జన్యు భేదం వలన ఈ ముప్పు అధికం. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలలో జుట్టు కుచ్చులుగా ఊడిపోవడం దానికి సూచన.

జీవసంబంధ మందులు: ఇవి రక్షణ వ్యవస్థలోని ఒక్కొక్క అంశాన్ని గురిచూసి అడ్డుకునే ఇంజెక్షన్లు. ఎటానర్సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, రిటుక్సిమాబ్ ఇందులో ముఖ్యమైనవి. వీటి వెల ఎక్కువ. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్‌ను పోలిన మందును రెడిటక్స్ పేరుతో భారతదేశంలో ప్రవేశపెట్టింది. టోఫాసిటినిబ్ వంటి మాత్రలు 2012 నుండి వాడుకలోకి వచ్చాయి. వీటి వలన సర్పి, రక్తం గడ్డకట్టడం వంటివి రావచ్చు. హృద్రోగం ఉన్నవారికి ఇచ్చేముందు వైద్యులు ప్రత్యేక జాగ్రత్త వహిస్తారు.

అన్ని స్వయం ప్రతిరక్షక వ్యాధులకూ ఇటువంటి మందులు అవసరం లేదు. హషిమోటో వ్యాధికి థైరాక్సిన్ మాత్ర, మొదటి రకం మధుమేహానికి ఇన్సులిన్, సీలియాక్ వ్యాధికి గోధుమ, బార్లీలను పూర్తిగా మానడం ప్రధాన చికిత్సలు. జొన్న, కొర్ర, వరి అన్నం సీలియాక్ రోగులకు నిరభ్యంతరం. రాయలసీమలో ఇవి అనాదిగా ఉన్న ఆహారమే. సూర్యనంది వంటి కొర్ర రకాలు నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నుండే వచ్చాయి. అయితే గోధుమ పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే గోధుమ పిండి కలుస్తుందని గుర్తుంచుకోవాలి.

క్షయ వ్యాధి ముప్పు

మన దేశంలో ఎంతోమంది శరీరంలో క్షయ క్రిములు ఏ లక్షణాలూ లేకుండా అణగి ఉంటాయి. రక్షణ వ్యవస్థను తగ్గించే మందులు, ముఖ్యంగా ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్‌లు, వాటిని మేల్కొల్పగలవు. అందువలన ఈ మందులు మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష లేదా రక్త పరీక్ష చేస్తారు. అణగి ఉన్న క్షయ కనబడితే ముందుగా దానికి మందులిస్తారు. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ప్రాణమున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలను ఈ మందులు వాడేవారు సాధారణంగా తీసుకోరాదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలను వైద్యులు సూచిస్తారు.

గర్భధారణ

మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. బిడ్డను కోరుకునే దంపతులు నెలల ముందుగానే వైద్యునికి తెలియజేసి మందులు మార్పించుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను గర్భిణులు కూడా కొనసాగించవచ్చు. భయపడి అన్ని మందులూ మానివేస్తే వ్యాధి తిరగబెట్టి తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం కలుగుతుంది. వివాహ సమయంలో వ్యాధిని దాచడం వలన కొత్త కోడలు అత్తవారింట మందులు రహస్యంగా వాడలేక మానివేసే పరిస్థితి వస్తుంది. కుటుంబానికి ముందుగా తెలియజేయడమే శ్రేయస్కరం.

రాతి ధూళి - ఆళ్ళగడ్డ

నంద్యాలకు సుమారు 40 కి.మీ. దూరంలో ఉన్న ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి. క్వార్ట్జ్ ఉన్న రాయిని చెక్కినపుడు, యంత్రంతో కోసినపుడు కంటికి కనబడనంత సన్నని సిలికా ధూళి లేస్తుంది. దీని వలన ఊపిరితిత్తులకు సిలికోసిస్ వస్తుందన్నది తెలిసిన విషయమే. స్వయం ప్రతిరక్షక వ్యాధులతో కూడా దీనికి సంబంధం ఉంది. 1914లో ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా రోగులలో రాతిపనివారు ఎక్కువగా ఉండటాన్ని గమనించాడు. 1953లో వేల్స్ బొగ్గు గని కార్మికులలో కీళ్ళవాతాన్ని గూర్చి కాప్లాన్, 1957లో దక్షిణాఫ్రికా బంగారు గని కార్మికులలో స్క్లీరోడెర్మాను గూర్చి ఎరాస్మస్ వ్రాశారు. సిలికా ధూళికి పొగ త్రాగే అలవాటు తోడైతే కీళ్ళవాతం ముప్పు మరింత పెరుగుతుందని స్వీడన్ పరిశోధనలు తెలిపాయి.

ఉలి, సుత్తితో పని చేసేదానికంటే విద్యుత్ యంత్రాలతో చాలా ఎక్కువ ధూళి లేస్తుంది. నీరు పోస్తూ కోయడం, గాలి ఆడే చోట పని చేయడం, సన్నని ధూళిని ఆపగల ఎన్-95 మాస్కు ధరించడం, ధూళి పడిన బట్టలను ఇంటిలో దులపకుండా తడిపి ఉతకడం ముఖ్యమైన జాగ్రత్తలు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఈ ధూళిని ఆపలేదు. ధూళి పీల్చిన ఊపిరితిత్తులకు క్షయ ముప్పు ఎలాగూ ఎక్కువే. కాబట్టి రాతిపని చేసేవారికి కీళ్ళవాతం వస్తే, చికిత్స మొదలుపెట్టేముందే తన వృత్తి ఏమిటో వైద్యునికి తప్పక చెప్పాలి.

నంద్యాల ప్రాంతంలో చికిత్స, దినచర్య

2022 ఏప్రిల్ 4న నంద్యాల కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల సుమారు 70 కి.మీ. దూరంలో ఉంది. హైదరాబాదులోని నిమ్స్‌లో ఈ వ్యాధులకు ప్రత్యేకంగా రుమటాలజీ విభాగం ఉంది. నిపుణుని చూడటానికి దూరం వెళ్ళవలసి వచ్చినా, క్రమంగా చేయించవలసిన రక్త పరీక్షలు దగ్గరలోనే చేయించుకోవచ్చు. పరీక్షల ఫలితాలను తేదీల వరుసలో ఒకే పుస్తకంలో అతికించుకుంటే ఏ వైద్యుడైనా మార్పును ఒక్క చూపులో గుర్తించగలడు.

ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. లూపస్ రోగులకు ఎండ వ్యాధిని తిరగబెట్టించగలదు. పొలం పనులు ఉదయం, సాయంత్రం వేళలకు మార్చుకోవడం, గొడుగు, పొడుగు చేతుల నూలు దుస్తులు వాడటం మంచిది. జీవసంబంధ ఇంజెక్షన్లను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కర్నూలు నుండి బస్సులో తెచ్చేటప్పుడు చల్లని పెట్టెలో ఉంచాలి. మంచుగడ్డకు నేరుగా తగలనీయరాదు. గడ్డకట్టిన మందు పనికిరాదు.

అపోహలు

నొప్పి తగ్గితే వ్యాధి పోయినట్లు కాదు. మందు పనిచేస్తున్నదని మాత్రమే దాని అర్థం. పేరు, వివరాలు లేని పొడులు, గుళికలు మోకాళ్ళ నొప్పులను రెండు రోజులలో తగ్గిస్తే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చునని అనుమానించాలి. అటువంటివి నెలల తరబడి వాడినవారికి కూడా పైన చెప్పిన ముప్పులన్నీ వర్తిస్తాయి. బొల్లి, సోరియాసిస్ ఉన్నవారిని తాకితే వ్యాధి అంటదు. 2022 అక్టోబరులో సినీనటి సమంత తనకు మయోసైటిస్ ఉన్నట్లు వెల్లడించడంతో, కండరాలకు సంబంధించిన ఈ అరుదైన వ్యాధి పేరు తెలుగునాట చాలామందికి తెలిసింది. పైకి ఆరోగ్యంగా కనిపించే రోగి నిజంగా అలసిపోతాడని, అది సోమరితనం కాదని కుటుంబ సభ్యులు గ్రహించడం చికిత్సకు ఎంతో తోడ్పడుతుంది.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భాలు

* మందులు వాడుతుండగా చలితో కూడిన జ్వరం
* నోటిలో పుండ్లు, చిగుళ్ళనుండి రక్తం
* కొత్తగా ఆయాసం, పొడిదగ్గు
* కళ్ళు పచ్చబడటం
* నురుగు మూత్రం, కాళ్ళ వాపు
* చూపు మసకబారడం
* వాంతుల వలన స్టెరాయిడ్ మాత్ర కడుపులో నిలవకపోవడం

ఏ మందునైనా మొదలుపెట్టడం, మార్చడం, మానడం వైద్యుని సలహాపైనే జరగాలి.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* కీళ్ళవాతం
* క్షయ
* మధుమేహం
* బొల్లి
* సిలికోసిస్
* ఆళ్ళగడ్డ
* నంద్యాల