చిలుము పట్టిన తూటా గొట్టం చెప్పిన చరిత్ర

తుపాకీ పేలినప్పుడు బయటికి దూసుకుపోయేది గుండు మాత్రమే. ఆ గుండునూ మందునూ పట్టి ఉంచిన లోహపు గొట్టం, కాల్చినవాడి కాళ్ల దగ్గరే పడిపోతుంది. ఆ ఖాళీ గొట్టాన్ని కొందరు కడిగి, మళ్లీ మందు నింపుకొని వాడుకున్నారు. వందేళ్ల తర్వాత మరికొందరు దాన్నే మట్టిలోంచి తీసి చరిత్రగా చదివారు. ఈ రెండు పనులూ అమెరికా ఆదివాసుల కథలో కలుస్తాయి. ఆ కథ మన పిల్లలకు చెప్పదగినది.

ముందు ఆ గొట్టం సంగతి తెలుసుకుందాం. తూటా గొట్టాన్ని ఎక్కువగా ఇత్తడితో చేస్తారు. అందులో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలినప్పుడు ఇత్తడి కొద్దిగా ఉబ్బి, వెంటనే ముడుచుకుంటుంది. అందుకే పగలకుండా మళ్లీ పనికొస్తుంది. 19వ శతాబ్దంలో వాడినది బొగ్గు, గంధకం, సురేకారం కలిపిన నల్లమందు. అది కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టాన్ని అలాగే వదిలేస్తే లోపలి నుంచి చిలుము పట్టి చెడిపోతుంది. అందుకే ఆనాటి వేటగాళ్లు కాల్చిన గొట్టాలను ఆలస్యం చేయకుండా నీళ్లలో కడిగి ఆరబెట్టుకునేవారు.

అమెరికాలో వేటకూ, గురి పోటీలకూ తుపాకీ వాడేవాళ్లు ఈ పని ఇప్పటికీ చేస్తారు. పద్ధతి మాత్రం మారింది. తిరిగే పీపాలో నీళ్లు, సబ్బు, కొంచెం నిమ్మ ఉప్పు, సన్నని స్టీలు ముక్కలు వేసి, గొట్టాలను అందులో కొన్ని గంటలు దొర్లిస్తారు. స్టీలు ముక్కలు లోపలి మసిని గీకుతాయి, పులుపు చిలుమును కరిగిస్తుంది. తర్వాత బాగా కడిగి ఆరబెడితే కొత్తవాటిలా మెరుస్తాయి. మన అమ్మలు ఇత్తడి బిందెను చింతపండుతో తోమడంలో ఉన్నదీ ఇదే సూత్రం. పులుపు మితిమీరితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, లోహం ఎర్రబారి బలహీనపడుతుంది.

ఇత్తడికి మరో శత్రువు అమ్మోనియా. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే ఇది బయటపడింది. వానాకాలంలో గుర్రపు సాలల దగ్గర దాచిన తూటా గొట్టాలు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిసి ఇత్తడిని చీలుస్తున్నాయని 1921లో శాస్త్రవేత్తలు వివరించారు.

ఇక అమెరికా మైదానాలకు వెళ్దాం. 1868లో అమెరికా ప్రభుత్వం ఫోర్ట్ లారమీ ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు లకోటా ప్రజలవేనని ఒప్పుకుంది. 1874లో కస్టర్ అనే సైనికాధికారి నడిపిన దండు ఆ కొండల్లో బంగారం ఉందని ప్రకటించింది. గనుల కోసం జనం ఎగబడ్డారు. కొండలు అమ్మమన్నారు. లకోటాలు అమ్మలేదు. ఒప్పందం కాగితం మీదే మిగిలింది, సైన్యం బయలుదేరింది. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షయాన్, అరాపహో ప్రజల గుడారాల మీద కస్టర్ దాడికి దిగాడు. అతని వెంట ఉన్న సుమారు 210 మందిలో ఒక్కరూ ప్రాణాలతో మిగలలేదు.

ఆ ఓటమి తర్వాత ప్రభుత్వం మొదట బిగించిన వాటిలో తూటా ఒకటి. తమతో పోరాడుతున్న ఆదివాసులకు లోహపు తూటాలు అందకుండా ఆపేందుకు 1876 ఆగస్టులోనే అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసింది. తుపాకీ ఎంత మంచిదైనా తూటా లేకపోతే అది ఉత్త కర్రే. అలాంటి రోజుల్లో కింద పడిన ఖాళీ గొట్టం విలువ పెరిగింది. మైదానాల ఆదివాసులు పాత గొట్టాలను ఏరుకొని, శుభ్రం చేసి, మళ్లీ నింపుకొని వాడుకోవడం నేర్చారు. రిచర్డ్ డాడ్జ్ అనే సైనికాధికారి 1882లో అచ్చయిన తన పుస్తకంలో ఈ నేర్పు గురించి రాశాడు. ఆ సైన్యం ‘అనాగరికులు’ అని పిలిచిన మనుషులు, ఫ్యాక్టరీలో తయారైన వస్తువు గుట్టు తెలుసుకొని తమ చేతులతో నడిపించారన్నమాట.

ఇక ఆ యుద్ధం గురించి ఎవరి మాట నిలిచింది? కస్టర్ గుట్ట మీద చివరిదాకా వీరోచితంగా పోరాడాడని బొమ్మలు వేశారు, పుస్తకాలు రాశారు. ఓటమికి కారణాలు వెతికినవారు తూటా గొట్టాలనూ తప్పుపట్టారు. అప్పటి సైన్యం గొట్టాలు ఇత్తడివి కావు, రాగివి. తోలు పట్టీల్లో ఉంచితే వాటికి చిలుము పట్టేది. అవి తుపాకీలో ఇరుక్కుపోయాయని, అందుకే సైనికులు చచ్చారని చాలాకాలం చెప్పుకున్నారు. యుద్ధంలో పాల్గొన్న ఆదివాసులు మాత్రం వేరే మాట చెప్పారు. ఉడెన్ లెగ్ అనే షయాన్ యోధుడి జ్ఞాపకాలు 1931లో అచ్చయ్యాయి. సైనికుల వరుస చెదిరిందని, వాళ్లు బెదిరిపోయారని ఆదివాసీ సాక్షులు చెబితే, ఓడించినవాళ్ల మాట ఎలా నమ్మడమని చాలామంది పక్కన పెట్టారు.

1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడింది. నేల తేటపడటంతో 1984, 1985లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు పరిశోధకులు లోహాన్ని పసిగట్టే యంత్రాలతో నేలంతా వెతికారు. దొరికిన ప్రతి గొట్టాన్నీ ఎక్కడ దొరికిందో ఆ చోటుతో సహా రాసుకున్నారు. తుపాకీ సూది గొట్టం అడుగున ఒక గుంట వేస్తుంది. వేలిముద్ర లాగే ఆ గుంట తుపాకీకీ తుపాకీకీ తేడాగా ఉంటుంది. ఒకే తుపాకీ గుర్తులున్న గొట్టాలను వరసగా కలిపితే ఆ తుపాకీ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో తెలిసింది. ఆదివాసుల వైపు నలభైకి పైగా రకాల తుపాకులు ఉన్నాయని తేలింది. తుపాకీలో ఇరుక్కుపోతే కత్తితో పెకలించిన గీతలున్న గొట్టాలు మాత్రం కొన్నే దొరికాయి. అంటే ఓటమికి చిలుము సాకు సరిపోలేదు. సైనికుల వరుస తెగిపోయిందన్న ఆదివాసుల మాటకే నేల సాక్ష్యం పలికిందని 1993లో అచ్చయిన పుస్తకంలో ఫాక్స్ వాదించాడు.

ఇక్కడే అసలు పాఠం ఉంది. ఆ గొట్టాలను ఎవరైనా ముందే ఏరుకెళ్లి పీపాలో దొర్లించి ఉంటే అవి అందంగా మెరిసేవి. కానీ సన్నని గీతలు అరిగిపోయేవి, ఎక్కడ పడ్డాయన్న సంగతి పూర్తిగా పోయేది. పరిశోధకులు కూడా మట్టిని కడిగారు. అయితే ముందు చోటు రాసుకున్నారు, తర్వాత గుర్తులు కనిపించేంత మేరకే శుభ్రం చేశారు. కడగడం తప్పు కాదు. రాసుకోకముందే కడగడం తప్పు.

మన మన్యానికీ ఇది వర్తిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకుంది. ఆ లెక్క మనకు సర్కారు కాగితాల్లో దొరుకుతుంది, ఎందుకంటే పోయినవి సర్కారు వస్తువులు. వాళ్లకు అన్నం పెట్టిన ఇళ్లకూ, దారి చూపిన చేతులకూ అలాంటి లెక్క రాసినవారు లేరు. అవి ముసలివాళ్ల నోటనే బతికాయి. సర్కారు కాగితం చరిత్ర, తాత మాట కట్టుకథ అనుకుంటే, లిటిల్ బిగ్‌హార్న్ విషయంలో వందేళ్లు జరిగిన పొరపాటు మన బడిలోనూ జరుగుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలు పాత నాణెమో, బాణం ములుకో, ఇత్తడి గంటో తెస్తే వెంటనే చింతపండు తీయకండి. ఎక్కడ దొరికింది, ఎవరి ఇంటిది, దాని గురించి పెద్దవాళ్లు ఏమంటున్నారు, ఈ మూడూ తేదీ వేసి నోటుబుక్కులో రాయించండి. తూటా మాత్రం వేరు. అడవిలో తూటా గాని, గుర్తు తెలియని లోహపు వస్తువు గాని కనిపిస్తే ముట్టుకోవద్దని, వచ్చి పెద్దలకు చెప్పమని పిల్లలకు గట్టిగా నేర్పండి. అది ఖాళీదో కాదో దూరం నుంచి తెలియదు. ఖాళీదైనా దాని మసిలో సీసం ఉండవచ్చు.

లకోటాలు బ్లాక్ హిల్స్ కోసం కోర్టుల్లో పోరాడారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొండలను అన్యాయంగా తీసుకున్నారని ఒప్పుకొని, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. వాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేదు. డబ్బు వద్దు, కొండలు కావాలన్నారు. తమ తాతలు చెప్పినదాన్ని వాళ్లు మరిచిపోలేదు. మన తాతలు చెప్పేదాన్ని రాసి పెట్టుకోవడం ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.