ఎవరి హద్దులో ఆగింది వెలుగు?

ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ వచ్చాక జనం నోట్లో నానుతున్న మాటల్లో ‘ఎల్‌వోఎస్’ ఒకటి. నెట్ ఆగిపోయిందని ఫోన్ చేస్తే అవతలివాళ్లు ముందుగా అడిగేది, డబ్బా మీద ఎల్‌వోఎస్ లైటు ఎర్రగా వెలుగుతోందా అని. సిగ్నల్ అందడం లేదని దానర్థం. పెద్ద రౌటర్ల తెరల మీద ఈ మాట మూడు దశాబ్దాలుగా ఉంది. దాని చుట్టూ ఇంకా చాలా లెక్కలు ఉంటాయి: లోపలికి వస్తున్న వెలుగు ఎన్ని డీబీఎం, లేజర్ ఎంత కరెంటు తాగుతోంది, ఎన్ని ఎర్రర్లు పడ్డాయి, అవతలి చివర ఏమని మొరపెట్టుకుంటోంది. లింకు చెడితే తెలియడానికే ఇదంతా పెట్టారనుకుంటాం. చెడిన సంగతి తెలియడానికి ఇంత సరంజామా అక్కర్లేదు, డేటా రాకపోతే ఆ సంగతి తెలిసినట్టే. వీటి పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే వేరే కథ కనిపిస్తుంది. వెలుగు నడిచే దారి ఇద్దరు ముగ్గురు యజమానుల మధ్య చీలిన ప్రతిసారీ ఒక కొత్త కొలత పుట్టింది. గట్టు తగాదా వచ్చాకే సర్వే రాయి పాతినట్టు, తప్పు ఎవరి హద్దులో జరిగిందో తేల్చాల్సి వచ్చినప్పుడే రౌటర్‌కు వెలుగును చూసే కన్ను వచ్చింది.

మొదట్లో హద్దులే లేవు. గాజు పోగులో వెలుగు నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్ లోపుకు తేగలిగితే అది టెలిఫోన్‌కు పనికొస్తుందని చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ 1966లో ఇంగ్లండ్ నుంచి ఒక పత్రంలో చెప్పారు. 20 డెసిబెల్స్ అంటే కిలోమీటరు దాటేసరికి నూరో వంతు వెలుగు మిగలడం. అంత మాత్రం మిగిలినా చాలన్నది వాళ్ల లెక్క. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మౌరర్, కెక్, షుల్జ్ ఆ గీత దాటారు. 1977కల్లా షికాగో వీధుల కింద ఫైబర్ మీద టెలిఫోన్ మాటలు నడిచాయి. ఈ డెసిబెల్ కూడా టెలిఫోన్ సంతానమే. తీగల్లో మాట ఎంత సన్నగిల్లుతోందో లెక్కకట్టడానికి 1920లలో బెల్ ఇంజనీర్లు తయారుచేసుకున్న కొలత అది. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని లెక్కిస్తే డీబీఎం అవుతుంది. ఇక, ఫైబర్ ఎక్కడ తెగిందో కనిపెట్టే ఉపాయం కూడా తొందరగానే దొరికింది. పోగులోకి వెలుగు తునక ఒకటి వదిలి, తిరిగొచ్చే సన్నని చెదురు వెలుగును కాలంతో కొలిచే పద్ధతిని బార్నోస్కీ, జెన్సెన్ 1976లో ప్రచురించారు. ఇప్పుడు లైన్‌మెన్ చేతుల్లో ఉండే ఓటీడీఆర్ పెట్టెకు మూలం అదే. అంటే తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందన్న ప్రశ్నకు జవాబు 1970లలోనే సిద్ధమైంది. అయినా లైన్ లోపలే నిఘా పెట్టాల్సిన అవసరం ఆ తర్వాత పదేళ్లకు వచ్చిందంటే, కారణం మరో దిక్కున వెతకాలి.

ఆ దిక్కు న్యాయస్థానం. అమెరికా టెలిఫోన్ సామ్రాజ్యమైన ఏటీ అండ్ టీ 1984 జనవరి 1న ముక్కలైంది. స్థానిక లైన్లు ఏడు ప్రాంతీయ సంస్థల చేతికి వెళ్లాయి, దూర ప్రయాణం ఏటీ అండ్ టీ, ఎంసీఐ లాంటి కంపెనీల మధ్య పోటీగా మారింది. అప్పటిదాకా ఫైబర్ పరికరాలు తయారుచేసినవాడి సొంత భాషలోనే మాట్లాడేవి. ఒక కంపెనీ పెట్టె ఈ చివర ఉంటే ఆ చివరా అదే కంపెనీ పెట్టె ఉండాలి. ఇప్పుడు ఒకడి ఫైబర్ దారి మధ్యలో ఇంకొకడి ఫైబర్‌ను కలవాలి. ఆ కలయికకు ఉమ్మడి ప్రమాణం కావాలని ఎంసీఐ 1984లోనే అడిగింది. ప్రాంతీయ కంపెనీల ఉమ్మడి పరిశోధన సంస్థ బెల్‌కోర్ ఆ మరుసటి ఏడాది సోనెట్ అనే ప్రతిపాదన తెచ్చింది. 1988కి అది అమెరికా ప్రమాణమైంది, ఎస్‌డీహెచ్ పేరుతో అంతర్జాతీయ రూపమూ అదే ఏడు తీసుకుంది. ఏమాత్రం పొదుపరి చేసిన పని కాదిది. సోనెట్ ప్రాథమిక చట్రంలో 810 బైట్లు ఉంటాయి, సెకనుకు 8000 చట్రాలు వెళ్తాయి. ఆ 810లో 36 బైట్లు కాపలాకూ పెత్తనానికీ పోతాయి.

ఆ 36 బైట్లను పంచిన తీరు చూస్తే నా వాదనకు వేరే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. దారిని మూడు అంతస్తులుగా విడగొట్టారు. సిగ్నల్‌కు మళ్లీ బలమిచ్చే ఒక రిపీటర్ నుంచి మరో రిపీటర్‌దాకా సెక్షన్, అనేక ప్రవాహాలను ఒకటిగా కలిపే ఒక మల్టిప్లెక్సర్ నుంచి మరో మల్టిప్లెక్సర్‌దాకా లైన్, సరుకు ఎక్కిన చోటు నుంచి దిగే చోటుదాకా పాత్. ప్రతి అంతస్తుకూ సొంత తనిఖీ బైటు ఉంది: బీ1, బీ2, బీ3. పంపేవాడు లెక్కవేసి పెడతాడు, ఆ అంతస్తు ముగిసే చోట అందుకున్నవాడు సరిచూసుకుంటాడు. మూడూ కలిసి పెరుగుతుంటే చెడు దగ్గర్లోనే ఉన్నట్టు: కనెక్టర్ మురికిగా ఉండొచ్చు, వెలుగు చాలకపోవచ్చు, మితిమీరి రిసీవర్ తట్టుకోలేకపోనూవచ్చు. బీ1, బీ2 కదలకుండా బీ3 ఒక్కటే ఎక్కుతుంటే మన గుమ్మం ముందు వెలుగు శుభ్రంగానే ఉంది, పక్కవాడి మల్టిప్లెక్సర్ అవతలెక్కడో సరుకు పాడైంది. వెలుగు పూర్తిగా ఆగితే అది గమనించిన పెట్టె రెండు పనులు చేస్తుంది. కిందివైపు ఏఐఎస్ అనే సంకేతం పంపుతుంది, ‘తప్పు పైనే జరిగింది, నువ్వు అలారం మోగించకు’ అని. వెనక్కి ఆర్‌డీఐ పంపుతుంది, ‘నువ్వు పంపింది నాకు అందడం లేదు’ అని. ఈ రెండో దానిలోని తెలివి గమనించాలి. పంపేవాడికి తన లేజర్ వెలుగుతున్న సంగతి మాత్రమే తెలుసు, అది చేరిందో లేదో అందుకునేవాడే చెప్పాలి. రౌటర్ మీద ఎల్‌వోఎస్ లేకుండా ఆర్‌డీఐ మాత్రం కనిపిస్తే మన చెవి బాగుంది, మన గొంతే అవతలికి పోవడం లేదు. రెండు పోగుల్లో పంపే పోగును వెతకాలి.

రౌటర్లు ఈ సోనెట్ ఇంట్లోకి 1994లో అడుగుపెట్టాయి. ఇంటర్నెట్ ప్యాకెట్లను నేరుగా సోనెట్ మీద ఎక్కించే పద్ధతిని ఆ ఏడాది ఆర్‌ఎఫ్‌సీ 1619 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం రాసింది. సోనెట్ లెక్కలను దూరం నుంచి చదివే పట్టికను ఆర్‌ఎఫ్‌సీ 1595 ఇచ్చింది. ఆ పట్టికలో పావుగంటకొక గడి, రోజుకు 96 గడులు. టెలిఫోన్ వాళ్ల కాపలా అలవాటు అచ్చంగా దిగిపోయింది. పాత్ అంతస్తులో దారి పేరు రాసుకోవడానికి ఉంచిన జే1 బైటులో సిస్కో రౌటర్లు తమ పేరు, పోర్టు, ఐపీ చిరునామా పంపుకునేవి. తప్పుడు పోగు గుచ్చితే అవతల ఎవరున్నారో తెర మీదే కనిపించేది. ఇక్కడే ఒక తమాషా జరిగింది. సోనెట్ తన బిట్లను 127 బిట్లకోసారి తిరిగొచ్చే వరుసతో కలిపి చెదరగొడుతుంది, వరసగా సున్నాలే వస్తే రిసీవర్ తాళం తప్పుతుంది కాబట్టి. ఆ వరుస అందరికీ తెలిసిందే. ఎవడైనా కావాలని దాన్ని రద్దుచేసే బిట్లతో ప్యాకెట్ నింపి పంపితే లైనే కూలిపోవచ్చు. టెలిఫోన్‌లో మాట్లాడుకునేవాడు లైన్ మీద దాడి చేస్తాడని ఎవరూ అనుకోలేదు మరి. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2615 అదనంగా మరో చెదరగొట్టుడు చేర్చి, అది ఉందో లేదో, సరుకు రకం చెప్పే సీ2 బైటులో తెలపమంది. ఒక చివర పెట్టి ఇంకో చివర మరిస్తే వెలుగు నిండుగా ఉంటుంది, అలారం ఒక్కటీ ఉండదు, లింకు మాత్రం లేవదు. రెండు చివర్లా సీ2 విలువ పోల్చి చూస్తే గుట్టు బయటపడుతుంది.

ఇంతలో ఈథర్‌నెట్ వచ్చి సోనెట్‌ను తోసేసింది. 1998లో గిగాబిట్, 2002లో పది గిగాబిట్ ప్రమాణాలు వెలువడ్డాయి. ధర తక్కువ, పని సులువు, పై ఆర్భాటం దాదాపు సున్నా. ఈ విజయాన్నే నా వాదనకు ఎదురు నిలబెట్టవచ్చు. ప్యాకెట్ పోతే టీసీపీ మళ్లీ పంపుతుంది, లింకు చస్తే రౌటింగ్ వేరే దారి పడుతుంది, తెలివంతా చివర్లలో ఉంటే చాలు, మధ్య దారిలో ఇంత కాపలా టెలిఫోన్ కంపెనీల చాదస్తమేనని ఇంటర్నెట్ కట్టినవాళ్లలో చాలామంది నమ్మారు. చచ్చిన లింకు విషయంలో వాళ్ల మాట నిజం. కొన ఊపిరితో ఉన్న లింకు దగ్గరే చిక్కు. పది వేల ప్యాకెట్లలో ఒకటి పాడవుతుంటే రౌటింగ్ దాన్ని గుర్తించదు, టీసీపీ మాత్రం రద్దీ అనుకుని వేగం తగ్గించుకుంటుంది. నష్టం నాలుగింతలైతే వేగం సుమారు సగానికి పడుతుందని 1997లో మ్యాథిస్, మరికొందరు చేసిన లెక్క. దూరం పెరిగేకొద్దీ బాధ ఇంకా ఎక్కువ. అప్పుడు వాడుకదారుడు కంపెనీని నిందిస్తాడు, కంపెనీ ఫైబర్ అద్దెకిచ్చినవాడిని, వాడు రౌటర్ అమ్మినవాడిని. టీసీపీ దాచిపెట్టిన తప్పుకు యజమాని దొరకడు.

అందుకే ఈథర్‌నెట్ వదిలేసినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. ముందు వచ్చింది మాడ్యూల్ లోపలి కన్ను. 2000లో పలు తయారీ సంస్థలు కలిసి ఎస్‌ఎఫ్‌పీ అనే చిన్న, ఊడదీయగల మాడ్యూల్‌కు ఒప్పందం రాసుకున్నాయి. దాంతో రౌటర్ ఒకడిది, దాని నోట్లో గుచ్చిన లేజర్ ఇంకొకడిది కావడం మామూలైంది. కొత్త హద్దు రౌటర్ ముఖం మీదే పడింది. రెండేళ్లు తిరక్కముందే ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 అనే పత్రం ఆ మాడ్యూల్ ఏం చెప్పుకోవాలో రాసింది: వేడి, వోల్టేజీ, లేజర్ కరెంటు, పంపే వెలుగు, అందే వెలుగు, వీటన్నిటికీ హెచ్చరిక గీతలు. ఈ అంకెలను చూసి మోసపోవడం తేలిక. వెలుగు కొలతకు ఆ పత్రం అనుమతించిన తేడా అటూ ఇటూ 3 డెసిబెల్స్, అంటే తెర మీది అంకె అసలుకు సగమైనా ఉండొచ్చు, రెట్టింపైనా ఉండొచ్చు. పది కిలోమీటర్ల పది గిగాబిట్ మాడ్యూల్‌కు అందాల్సిన కనీస వెలుగు మైనస్ 14.4 డీబీఎం. మైనస్ 13 చూపిస్తే ఊపిరి పీల్చుకోవడానికీ లేదు, గాభరా పడడానికీ లేదు. ఆ అంకెకు విలువ దాని చరిత్రతో వస్తుంది. లింకు వేసిన రోజు మైనస్ 6 ఉండి ఇవాళ మైనస్ 13 ఉంటే, మాడ్యూల్ ఎంత తప్పుగా కొలిచినా మధ్యలో ఏదో జరిగింది. వెలుగు తగ్గకుండా లేజర్ కరెంటు మాత్రం నెలల తరబడి పెరుగుతుంటే లేజర్ ముసలిదవుతోంది. ఆ చివర పంపిన దాంట్లోంచి ఈ చివర అందింది తీసేస్తే దారి నష్టం తెలుస్తుంది. రెండు వైపులా ఆ నష్టం ఒకేలా పెరిగితే కేబుల్‌ను అనుమానించాలి, ఒక్క వైపే పెరిగితే ఒక పోగునో ఒక కనెక్టర్‌నో. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే గర్భం తొమ్మిది మైక్రాన్ల చిల్లర, దాని ముఖాన ఒక ధూళి కణం చాలు. మాడ్యూల్ మార్చే ముందు కనెక్టర్ తుడవమనడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

మిగతావీ ఇదే దారి పట్టాయి. పది గిగాబిట్ ఈథర్‌నెట్‌లో లోకల్ ఫాల్ట్, రిమోట్ ఫాల్ట్ అనే రెండు సంకేతాలున్నాయి, వాటిలో రిమోట్ ఫాల్ట్ వేషం మార్చిన ఆర్‌డీఐ. 2001 నాటి జీ.709 ప్రమాణం ఒకే తరంగం అనేక కంపెనీల మీదుగా పోయినప్పుడు ఎవరి వంతు వారు కొలుచుకోవడానికి ఆరు అంతస్తుల తనిఖీ పెట్టింది. 2007 నాటి 802.1ఏజీ ఈథర్‌నెట్‌కు ఎనిమిది స్థాయిలిచ్చి, పై స్థాయిలు వాడుకదారుడికి, నడిమివి సేవ అమ్మేవాడికి, కిందివి లైను నడిపేవాడికి అని పంచింది. యజమానుల జాబితా ప్రమాణపత్రంలోకే ఎక్కింది.

నా వాదనకు బలమైన అభ్యంతరం డేటా సెంటర్ల నుంచి వస్తుంది. అక్కడ రౌటర్లు, ఫైబర్, భవనం అన్నీ ఒకడివే, హద్దు తగాదా లేదు. అయినా లింకుల వెలుగును అంత శ్రద్ధగా చూసేవాళ్లు మరొకరు లేరు. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల మీద 2017లో వెలువడిన ఒక అధ్యయనం, ప్యాకెట్లు పాడవుతున్న లింకుకు రెండు చివర్ల వెలుగు అంకెలు చూసి ఏ మరమ్మతు చేయాలో సూచించే పద్ధతిని చూపింది. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టేయలేను. పుట్టుక ఒక కారణానికి అయినా బతుకు మరో కారణంతో సాగొచ్చు. యజమానుల కోసం తయారైన అంకెలు అక్కడ నిచ్చెనెక్కే మనిషికి ఏం పట్టుకెళ్లాలో చెబుతున్నాయి. ఇంకో మినహాయింపు కచ్చితంగా భౌతికశాస్త్రానిదే. 2017లో ప్రమాణమైన 400 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో వెలుగుకు నాలుగు మెట్లున్నాయి, ఎర్రర్లు రాకుండా ఉండవు, వచ్చినవాటిని ఎఫ్‌ఈసీ అనే దిద్దుబాటు కోడ్ సరిచేస్తుంది. అక్కడ ఎర్రర్లు పడుతున్నాయా అని అడగడంలో అర్థం లేదు, దిద్దుబాటుకు ముందు ఎన్ని పడుతున్నాయి, హద్దుకు ఎంత దూరం మిగిలింది అనే అడగాలి. ఆ లెక్కకు ఏ కోర్టు తీర్పూ కారణం కాదు.

అయితే ఇప్పటి పరిణామం మళ్లీ పాత ప్రశ్న వైపే మొగ్గుతోంది. 2020లో ఓఐఎఫ్ అనే పరిశ్రమ వేదిక ఖరారుచేసిన 400జెడ్‌ఆర్ ఒప్పందంతో, ఒకప్పుడు ప్రసార విభాగం గదిలో అరల నిండా ఉన్న, వెలుగు దశను కూడా చదివే కోహెరెంట్ పరికరం రౌటర్ పోర్టులో పట్టేంత మాడ్యూల్ అయింది. 120 కిలోమీటర్లదాకా పోయే రంగు వెలుగు ఇప్పుడు నేరుగా రౌటర్ నుంచే బయలుదేరుతుంది. దాని అలారాలు, దిద్దుబాటు లెక్కలు, తరంగం సర్దుబాట్లు రౌటర్ సాఫ్ట్‌వేర్‌లోనే చదవాలి. ఆ వెలుగు ప్రయాణించే ఆంప్లిఫయర్లు, ఫిల్టర్లు మాత్రం ప్రసార విభాగం చేతిలోనే ఉన్నాయి. ఒకే కంపెనీలో రౌటర్ల బృందం ఒక తెర చూస్తుంది, ప్రసారం బృందం ఇంకో తెర చూస్తుంది, మాడ్యూల్ ఆ రెంటి మధ్య గుచ్చి ఉంటుంది. తరంగం మార్చే అధికారం ఎవరిది, అర్ధరాత్రి అలారం ఎవరి ఫోన్‌కు పోవాలి అన్నవి ఇప్పుడు ఆ రెండు బృందాలూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు.