లాటిన్ క్వార్టర్ (పారిస్)

ఫ్రాన్స్ రాజధాని పారిస్‌లో సెన్ నది ఎడమ గట్టున ఉన్న పురాతన విద్యాపేట. నగరంలోని ఐదో వార్డులోనూ, ఆరో వార్డులో కొంత భాగంలోనూ విస్తరించింది. రోమన్ల కాలపు స్నానశాలల గోడలు క్లూనీ మ్యూజియం దగ్గర ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. 12వ శతాబ్దంలో తర్కపండితుడు అబెలార్ పాఠాలు వినడానికి దూరదేశాల విద్యార్థులు ఇక్కడికి వచ్చేవారు. చదువుల ఉమ్మడి భాష లాటిన్ కావడంతో పేటకు ఆ పేరు స్థిరపడింది.

1257లో రొబెర్ ద సోర్బాన్ పేద విద్యార్థుల కోసం స్థాపించిన కళాశాలే తర్వాత సోర్బాన్‌గా ప్రసిద్ధికెక్కింది. ఫ్రాన్స్‌లో మొదటి అచ్చుయంత్రం 1470లో వెలసింది దాని ప్రాంగణంలోనే. ఇక్కడి మరో విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్ 1530లో మొదలైంది.

ఈ పేటతో ముడిపడిన ప్రముఖుల్లో శాస్త్రవేత్త మేరీ క్యూరీ ఒకరు. ఇక్కడి ఒక పాత షెడ్డులో, ఎండకూ వానకూ ఓర్చి, టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరిగించి ఆమె రేడియంను వేరుచేసింది. భర్త పియరీ మరణించాక 1906లో సోర్బాన్‌లో పాఠం చెప్పిన తొలి మహిళా ఆచార్యురాలైంది. ఆ దంపతుల అస్థికలను 1995లో ఇక్కడి పాంథియోన్ స్మారక మందిరానికి తరలించారు. 

1968 మేలో విద్యార్థులు ఈ వీధుల్లోనే రాళ్లు పెకలించి అడ్డుగోడలు కట్టారు. ఆ ఉద్యమం తర్వాత పారిస్ విశ్వవిద్యాలయాన్ని 13 విశ్వవిద్యాలయాలుగా విభజించారు.