పెన్ను ఎవరి చేతిలో ఉంది?

చిన్నపిల్లల క్లాసులో పాఠం చెప్పడం కన్నా కష్టమైన పని పిల్లల చూపును ఒకచోట నిలపడం. బోర్డు మీద నాలుగు లైన్లు రాయాలంటే టీచర్ అటు తిరగాలి. తిరిగిన మరుక్షణం వెనక బెంచీల్లో కబుర్లు మొదలవుతాయి. ఈ బాధ తగ్గిస్తుందని బడులు ఎగబడి కొనుక్కున్న ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు మాత్రం నిజానికి బడి కోసం పుట్టలేదు. ఆఫీసు మీటింగుల కోసం పుట్టింది.

1990ల మొదట్లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ వారి పార్క్ పరిశోధన కేంద్రంలో లైవ్‌బోర్డు అనే పెద్ద తెర తయారైంది. దానిమీద వెనకవైపు నుంచి బొమ్మ పడేది. ముందు నిలబడి ప్రత్యేకమైన పెన్నుతో రాసేవాళ్లు. నలుగురు కూర్చుని చర్చించుకునే గదికి అది బాగానే ఉంది కానీ, దాని సైజూ ఖర్చూ మామూలు బడికి అందేవి కావు.

బడి దాకా వచ్చిన బోర్డుల్లో ఎక్కువ పేరు పొందినది కెనడాలోని కాల్గరీలో తయారైంది. డేవిడ్ మార్టిన్, నాన్సీ నోల్టన్ దంపతులు 1987లో స్మార్ట్ టెక్నాలజీస్ కంపెనీ పెట్టారు. 1991లో స్మార్ట్ బోర్డును మార్కెట్లోకి తెచ్చారు. ప్రొజెక్టర్ నుంచి కంప్యూటర్ తెర గోడమీద పడుతుంది, అక్కడ వేలితో నొక్కితే మౌస్ నొక్కినట్టే. అలాంటిది ఎందుకో అప్పట్లో చాలామందికి అర్థం కాలేదు, అమ్మకాలు నత్తనడకన సాగాయి. 1992లో ఇంటెల్ కంపెనీ కొంత వాటా కొని పెట్టుబడి పెట్టడంతో ఊపిరి అందింది.

ఆ బోర్డు లోపల మంత్రమేమీ లేదు. సన్నటి ఖాళీతో రెండు పొరలుంటాయి. వేలు నొక్కినచోట పై పొర వంగి కింది పొరకు తగులుతుంది. ఎక్కడ తగిలిందో బోర్డు లెక్కకట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. అందుకే వేలితో రాసినా, టెన్నిస్ బంతితో రాసినా పనిచేస్తుంది. ఇంకా చిత్రం పెన్నుల సంగతి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు పెన్నులు కింది ట్రేలో ఉంటాయి. వాటిలో సిరా లేదు, బ్యాటరీ లేదు, వట్టి ప్లాస్టిక్. రంగు చెప్పేది ట్రే. ఎరుపు గుంతలోంచి పెన్ను తీశారని ట్రేలోని సెన్సర్ గమనించగానే గీత ఎర్రగా పడుతుంది. పిల్లవాడు నీలం పెన్నును ఎరుపు గుంతలో పెట్టి మళ్లీ తీస్తే అది ఎర్రగానే రాస్తుంది. దాంతో ఏ పెన్నునైనా దాని చోటులోనే పెట్టాలన్నది టీచర్ అరిచి చెప్పాల్సిన పని లేకుండా క్లాసు నియమమైపోయింది.

ఒక లోపం కూడా అలాగే కలిసొచ్చింది. ఆ తొలి బోర్డులకు ఒకసారికి ఒక స్పర్శే అర్థమవుతుంది. ఇద్దరు పిల్లలు చెరోచోట చెయ్యి పెడితే గీత ఇద్దరికీ కాకుండా ఎక్కడో మధ్యలో పడుతుంది. ఇద్దరూ తెల్లబోయి చూడాలి. ఒకరు అయ్యాకే ఒకరు అని చెప్పడానికి అంతకన్నా మంచి రుజువు ఏ టీచర్‌కు దొరుకుతుంది? 2010 ప్రాంతానికి ఇద్దరు కలిసి రాసే బోర్డులు వచ్చాయి. యంత్రం పెట్టిన క్రమశిక్షణ పోయి, వంతు చూసే బాధ్యత మళ్లీ టీచర్ మీదే పడింది.

ప్రాథమిక బడుల్లో వీటికి పెద్దపీట వేసింది ఇంగ్లండ్. అక్కడ 1998లో చదవడం, రాయడం కోసం, 1999లో లెక్కల కోసం జాతీయ కార్యక్రమాలు మొదలయ్యాయి. రెండూ క్లాసు మొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టి పాఠం చెప్పమన్నాయి. అందరికీ కనిపించే పెద్ద తెర ఆ పద్ధతికి సరిగ్గా అతికింది. బ్లాక్‌బర్న్‌లోని ప్రొమీథియన్ కంపెనీ బోర్డులు ఆ దేశపు క్లాసుల్లో బాగా కనిపించేవి. 2003-04లో ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో వైట్‌బోర్డుల విస్తరణకు కోటి పౌండ్లు కేటాయించింది.

బోర్డు వచ్చాక టీచర్లు దానితో పాఠమే కాదు, క్లాసునూ నడపసాగారు. పొద్దున్నే తెర మీద పిల్లల పేర్లన్నీ ఒకవైపు ఉంటాయి. ఎవరొస్తే వాళ్లు తమ పేరును వేలితో లాగి రెండోవైపు, బడి బొమ్మ దగ్గర పెడతారు. హాజరు పిలిచే పని తప్పుతుంది. మిగిలిపోయిన పేర్లే గైర్హాజరీ పట్టీ. పక్కన గడియారం లెక్క తగ్గుతూ ఉంటుంది కాబట్టి ‘ఇంకెంత సేపు మేడం’ అనే ప్రశ్న రాదు. తెర మీద మూత కప్పి లైను తర్వాత లైను తెరిస్తే, తర్వాతిదేమిటోనని పిల్లలే కళ్లప్పగించి చూస్తారు. ఎవరు జవాబు చెప్పాలో పేర్ల చీటీ తిప్పి యంత్రమే తేలుస్తుంది కనుక, ఫలానావాణ్ణే ఎప్పుడూ పిలుస్తారన్న ఫిర్యాదుకు చోటుండదు.

లోపాలూ ఇంగ్లండ్‌లోనే బయటపడ్డాయి. స్మిత్, హార్డ్‌మన్, హిగ్గిన్స్ 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ బోర్డుతో పాఠాల వేగం పెరిగిందనీ, పిల్లలు జట్లుగా కూర్చుని పనిచేసే సమయం తగ్గిందనీ గమనించింది. క్లాసు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన పిల్లలు ఆలోచిస్తున్నారని అర్థం కాదు. టీవీ ముందు కూడా పిల్లలు నిశ్శబ్దంగానే ఉంటారు. బోర్డును టీచర్ ఎత్తుకు బిగించిన క్లాసుల్లో ఆరేళ్ల పిల్లకు సగం తెర కూడా అందదు. ఇక ప్రొజెక్టర్ కాస్త కదిలితే చాలు, వేలు ఒకచోట, గీత ఇంకోచోట. తెర మీద కనిపించే గుర్తులను వరసగా నొక్కి మళ్లీ సరిచేసుకోవాలి. ఆ రెండు నిమిషాల్లో క్లాసు చేజారిపోతుంది.

ఆ తర్వాత ప్రొజెక్టరే అక్కర్లేని పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. నీడ పడదు, గురి తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద బాగుచేసిన ప్రభుత్వ బడులకు 2023లో కొత్త తెరలు వచ్చాయి. ఆరో తరగతి నుంచి పై గదులకు ఇలాంటి టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. చిన్నపిల్లలకేమో చూడటానికి మాత్రమే తెర, పెద్దపిల్లలకు రాయడానికి తెర! ముట్టుకుని, వంతు చూసుకుని నేర్చుకోవాల్సిన వయసు ఒకటి నుంచి ఐదు తరగతులదేనన్నది నా అభిప్రాయం. స్మార్ట్ టీవీలో వీడియో పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టవచ్చు కానీ, వాళ్ల చేతికి పని ఇవ్వలేం.

ఈ కథంతా చూస్తే ఒక మాట స్పష్టం. బోర్డు క్లాసును అదుపు చెయ్యదు. టీచర్ పెట్టుకున్న క్రమాన్ని పిల్లల కళ్లకు కట్టిస్తుంది, అంతే. క్రమమే లేని క్లాసులో ఖరీదైన తెర మరో గోల అవుతుంది. మీ బడికి ఇలాంటి ప్యానెల్ వస్తే దాన్ని పిల్లల చెయ్యి అందే ఎత్తులో బిగించమని హెడ్మాస్టరును అడగండి. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లల్ని ‘బోర్డులో ఏం చూశావు’ అని కాదు, ‘ఈ రోజు బోర్డు మీద నువ్వేం రాశావు’ అని అడగండి.