ఒక సంతకం, కొన్ని జ్ఞాపకాలు: 1914 లండన్‌లో సరోజినీ నాయుడు యుద్ధ సేవ

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. పది రోజుల్లోనే లండన్‌లో ఉన్న భారతీయులు కొందరు ఇండియా వ్యవహారాల ఉపకార్యదర్శికి ఒక ఉత్తరం రాశారు. ఈ ఆపత్కాలంలో ఏ షరతూ పెట్టకుండా తమ సేవలను ప్రభుత్వానికి అప్పగిస్తున్నామన్నది దాని సారాంశం. సంతకాలు చేసినవారు యాభై మంది దాకా ఉన్నారు. గాంధీ, కస్తూర్బా పేర్లతో పాటు అందులో సరోజినీ నాయుడు పేరూ ఉంది. గాంధీ రచనల సంపుటాల్లో ఈ ఉత్తరం అచ్చయింది. యుద్ధ కాలంలో పరాయి దేశంలో ఆమె చేసిన సేవ గురించి మాట్లాడదలిస్తే మొదలుపెట్టవలసింది ఇక్కడే. మిగతా ఆధారాల్లో ఎక్కువ భాగం తర్వాతి ఏళ్లలో జ్ఞాపకం మీద రాసినవి. ఇది మాత్రం ఆ వారంలోనే పుట్టిన కాగితం.

అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. వైద్యం కోసం ఇంగ్లండులో ఉన్నారు. నలుగురు బిడ్డల తల్లి. పుట్టుక రీత్యా బెంగాలీ అయినా హైదరాబాదులో పుట్టి, తెలుగువాడైన డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెళ్లాడి మన ఇంటి కోడలయ్యారు. 1898 డిసెంబరులో మద్రాసులో ఆ పెళ్లి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం. సేవ కూడా ఆమెకు కొత్త కాదు. 1908 మూసీ వరదల్లో బాధితుల కోసం పనిచేసిన అనుభవం ఉంది. లండన్ సంతకాన్ని ఆవేశంలో పెట్టిన సంతకంగా నేను చూడలేకపోవడానికి అదొక కారణం.

సంతకం పెట్టాక ఏం చేశారు? దీనికి గాంధీ ఆత్మకథ జవాబిస్తుంది. లైసియం అనే మహిళల క్లబ్బు సైనికులకు బట్టలు కుట్టించే పని నెత్తికెత్తుకుందనీ, సభ్యురాలైన సరోజినీదేవి అందులో మనసారా మునిగిపోయారనీ, కత్తిరించిన బట్టల కుప్పను తన ముందు పెట్టి కుట్టించి తెమ్మన్నారనీ ఆయన రాశారు. ప్రథమ చికిత్స నేర్చుకుంటూనే మిత్రుల సాయంతో చేతనైనన్ని కుట్టించి ఇచ్చారట. ఆమెతో తన తొలి పరిచయం ఇదేనన్నారు. లైసియం 1904లో లండన్ పికడిల్లీలో మొదలైన క్లబ్బు. రచయిత్రులు, కళాకారిణులు ఎక్కువగా ఉండేది. ఇంగ్లీషులో కవిత్వం రాసే సరోజిని అక్కడ సభ్యురాలు కావడం సహజమే.

అయితే ఆత్మకథ 1925 చివర్లో నవజీవన్ పత్రికలో ధారావాహికగా మొదలైంది. అంటే సంఘటనకూ రాతకూ మధ్య పదకొండేళ్లకు పైనే దూరం. గాంధీతో తొలి కలయిక గురించి సరోజిని చెప్పిన జ్ఞాపకమూ అలాంటిదే. కెన్సింగ్టన్‌లో నిట్టనిలువు మెట్లెక్కి వెళ్తే, నేల మీద నల్లటి కంబళి పరుచుకుని చెక్కగిన్నెలో టమాటాలు తింటున్న బోడితల మనిషి కనిపించాడని ఆమె తర్వాత రోజుల్లో చెప్పారు. జీవిత చరిత్రకారులకు ఈ దృశ్యం ఎంతో ఇష్టం. కానీ ఆ కలయిక యుద్ధం ముంగిట జరిగిందని ఆమె అనుకున్నారు. గాంధీ లండన్ చేరింది ఆగస్టు 6న, యుద్ధ ప్రకటన వెలువడిన రెండు రోజులకు. తేడా చిన్నదే. అంత స్పష్టమైన జ్ఞాపకంలోనూ తేదీ జారిందంటే, తేదీల విషయంలో సంతకమున్న కాగితానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఆ గది, కంబళి, గిన్నె మాత్రం నమ్మదగినవే. మనుషులు తేదీని మరిచినంత తేలిగ్గా చూసిన వస్తువును మరవరు.

ఈ ఆధారాలు మోసే బరువెంతో కూడా చెప్పాలి. ఆమె సేవ చేస్తానని ముందుకొచ్చారు, బట్టలు కుట్టించే పనిని నడిపించారు. ఇంతవరకు గట్టిగా అనవచ్చు. యుద్ధభూమికి వెళ్లారనో, గాయపడ్డవారికి నర్సుగా పనిచేశారనో రాస్తే ఈ ఆధారాలు దన్నుగా నిలవవు.

ఇక కుటుంబ పత్రాలు. జగ్గయ్యపేట, నందిగామ వైపు మా మెరక పల్లెల్లో, వీరులపాడులోనూ, పాత ఇనప్పెట్టె తెరిస్తే పట్టాలు, శిస్తు రసీదులు, ప్రామిసరీ నోట్లు దొరుకుతాయి. ఆడవాళ్లు రాసిన ఉత్తరం దొరకడం అరుదు, ఎందుకంటే దాన్ని దాచవలసిన కాగితంగా ఎవరూ అనుకోలేదు. సరోజిని విషయంలో అలా జరగలేదు. తల్లి ఉత్తరాలు కూతురు పద్మజా నాయుడు పత్రాల్లో భాగంగా ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ గ్రంథాలయానికి చేరాయి. వాటి నుంచీ, ఇతర చోట్ల నుంచీ ఎంపిక చేసిన లేఖలను మకరంద్ పరాంజపే సంపాదకత్వంలో 1996లో కాళీ ఫర్ విమెన్ సంస్థ పుస్తకంగా తెచ్చింది. ఆ భవనం ముందున్న మూడు విగ్రహాలు అదే యుద్ధంలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాలకు గుర్తు. హైదరాబాదు సైనికుల స్మారకానికీ, హైదరాబాదు ఇల్లాలి ఉత్తరాలకూ ఒకే చోటు దక్కింది.

హైదరాబాదు మహిళల యుద్ధ సహాయ సంఘం నివేదిక కోసం 1915 డిసెంబరులో ఆమె రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' మరో ఆధారం. 1917లో 'ది బ్రోకెన్ వింగ్'లో చేరిన ఈ కవితను ఇప్పుడు దేశభక్తి కవితగానే చదువుతున్నాం. అది పుట్టింది మాత్రం చందాలు, బట్టలు, మందుల లెక్కలతో సాగే ఒక సహాయ ఉద్యమం మధ్య. లండన్‌లో మొదలైన పని హైదరాబాదులోనూ ఆమె మనసులో కొనసాగిందనడానికి దీన్ని జాగ్రత్తగా వాడుకోవచ్చు.

ఆమెను సామ్రాజ్య విధేయురాలని తేల్చేయడం మాత్రం తొందరపాటు. అదే 1914లో తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ జర్మనీలో ఉండి, బ్రిటన్ శత్రువుల సాయంతో భారత స్వాతంత్ర్యం కోసం బెర్లిన్ కమిటీని కూడగడుతున్నాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే యుద్ధం, రెండు రాజధానులు. తమ్ముడి దారి తెలిసిన అధికారుల కళ్ల ముందు అక్క సంతకానికి ప్రత్యేకమైన బరువు ఉండే ఉంటుందని నా ఊహ. ఊహగానే దాన్ని తీసుకోవాలి. ఊహ కానిది ఇది: 1920 జూన్‌లో అదే లండన్‌లో, కింగ్స్‌వే హాలులో నిలబడి, పంజాబులో సైనిక శాసనం కింద స్త్రీలకు జరిగిన అవమానాలను ఆమె బహిరంగంగా ఎత్తిచూపారు. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు ఆ ఆరోపణలకు ఆధారాలు అడిగారు. కాంగ్రెస్ విచారణ సంఘం నివేదికలోని వాంగ్మూలాలను చూపిస్తూ ఆమె జవాబిచ్చారు.