జమానత్ రియాసత్‌ది, నఫా కంపెనీది: నిజాం రేల్ చెప్పే సబఖ్

నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. మన బుజుర్గులు నోరారా పలికిన పేరు ఇది. పాత టికెట్ల మీద, ఇనుప స్తంభాల మీద, గడియారాల మీద ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ అనే నాలుగక్షరాలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. నిజాం అన్న మాట అందరికీ తెలుసు. స్టేట్ అంటే రియాసత్. మధ్యలో ఉన్న ఆ ‘గ్యారంటీడ్’ ఏమిటి? ఎవరు ఎవరికి ఇచ్చిన జమానత్ అది? ఈ ఒక్క సవాల్‌కి జవాబ్ వెతికితే నూటయాభై ఏళ్ల తారీఖ్ బయటికొస్తుంది.

ఈ రోజుల్లో ‘పిపిపి’ అనే మాట రోజూ పేపర్లో చదువుతున్నాం. పబ్లిక్, ప్రైవేటు భాగస్వామ్యం. రోడ్డు పిపిపి, మెట్రో పిపిపి, ఎయిర్‌పోర్టు పిపిపి. ఇదేదో కొత్త హునర్ అని చాలామంది అనుకుంటారు. కానీ మన దక్కన్ గడ్డ మీద దీని మొదటి పెద్ద తజురుబా రైలు పట్టాల మీదనే జరిగింది. ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో అన్న నాలుగు ప్రశ్నలూ అప్పుడే పుట్టాయి.

ముందు మొదటి లైను సంగతి. బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే పెద్ద రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిసింది. అది గుల్బర్గా, రాయచూరు మీదుగా నిజాం ఇలాఖాలోంచే పోయింది, కానీ రాజధాని షహర్‌ని తాకలేదు. హైదరాబాద్‌ని దానికి కలపాలంటే వాడి నుంచి ఒక కొమ్మ లైను వేయాలి. 1870లో అంగ్రేజీ సర్కార్‌తో ఒప్పందం కుదిరింది. 1874 అక్టోబరులో వాడి, సికింద్రాబాద్ మధ్య రైలు నడిచింది. ఖర్చు రియాసత్‌ది. నడిపే ఇఖ్తియార్ మొదట్లో బొంబాయి వైపు జి.ఐ.పి. రైల్వేది. పట్టాలు ఆగింది చార్మినార్ దగ్గర కాదు, అంగ్రేజీ ఫౌజ్ ఛావనీ ఉన్న సికింద్రాబాద్‌లో. ఆ లైను ఎవరి జరూరత్‌ని ముందు చూసిందో ఆ ఒక్క సంగతే చెబుతుంది.

అప్పటి దీవాన్ మర్హూమ్ సాలార్ జంగ్. ఆయన 1853లో పదవిలోకి వచ్చారు. అదే ఏడాది, హైదరాబాద్ కంటింజెంట్ అనే ఫౌజ్ ఖర్చుల బాకీ కింద బేరార్ ఇలాఖా అంగ్రేజుల చేతిలోకి పోయింది. అప్పు పెరిగితే జిల్లాలే పోతాయని ఆయన కళ్లారా చూశారు. బేరార్‌ని వెనక్కి తెచ్చుకోవాలని ఉమ్రంతా కోశిష్ చేశారు, కానీ అది కుదరలేదు. 1883 ఫిబ్రవరి 8న ఆయన కలరాతో ఇంతెఖాల్ అయ్యారు. అప్పటికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనర్. ఆయన పూర్తి ఇఖ్తియారాలతో గద్దెనెక్కింది 1884 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏడాది కాలంలో, అంటే ఇంటి పెద్ద పోయి, చిన్న నవాబ్ ఇంకా చేతికి రాని రోజుల్లో, రైల్వే పెద్ద సౌదా ముందుకు కదిలింది.

ఆ సౌదా ఇది. లండన్‌లో ఒక కంపెనీ పెడతారు. అది అక్కడి ధనికుల దగ్గర పూంజీ తెస్తుంది. ఉన్న వాడి లైనును రియాసత్ ఆ కంపెనీకి అప్పగిస్తుంది. కంపెనీ ఆ లైనును వరంగల్ వైపు, అక్కణ్నుంచి బెజవాడ వైపు, ఇటు చాందా వైపు పొడిగిస్తుంది. బదులుగా కంపెనీ పెట్టిన పూంజీ మీద ఏడాదికి 5 శాతం వడ్డీ వచ్చేలా 20 ఏళ్ల పాటు రియాసత్ జమానత్ ఇస్తుంది. రైలుకి ఆమ్‌దనీ వస్తే సరే. రాకపోతే తక్కువైన పైసలు ఖజానా నుంచి కట్టాలి. ‘గ్యారంటీడ్’ అన్న మాటకి మాయనీ ఇదే.

ఈ పద్ధతి నిజాం రియాసత్ కనిపెట్టింది కాదు. బ్రిటిష్ ఇండియాలో మొదటి రైల్వేలన్నీ ఇలాంటి జమానత్ మీదనే కట్టారు. నష్టం వస్తే ప్రజల పన్నుల నుంచి, లాభం వస్తే వాటాదారులకి. కంపెనీకి తన 5 శాతం ఎలాగూ వస్తుంది కాబట్టి ఖర్చు తగ్గించాలన్న ఫికర్ దానికి ఎందుకుంటుంది? హిందుస్తాన్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఒక అంగ్రేజీ అధికారే తర్వాత పార్లమెంటు కమిటీ ముందు ఈ ముచ్చటే ఒప్పుకున్నాడు. ఆ పైసలు ఇటుకలుగా మారినా, హుగ్లీ నదిలో పారేసినా పెట్టుబడిదారుడికి ఒకటేనన్నది ఆయన మాటల సారాంశం.

ఇక్కడ ఇద్దరు మనుషుల పేర్లు మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. ఒకరు డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. బెంగాల్ నుంచి వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా మారిన విద్యాసంస్థకి తొలి ప్రిన్సిపాల్ అయిన విద్వాంసుడు, సరోజినీ నాయుడు తండ్రి. రెండోవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, రియాసత్ కొలువులో ఉన్న ఆలిం. వీళ్లూ, వీళ్ల దోస్తులూ 1883లో అడిగింది పెద్ద విప్లవం ఏమీ కాదు. రైల్వే షరతులు ఏమిటో అవామ్‌కి చెప్పండి, ఖజానా మీద ఎంత బోఝ్ పడుతుందో లెక్క బయటపెట్టండి, అందరూ విచారించాకనే దస్తఖత్ చేయండి అన్నారు. దీన్నే చరిత్రలో ‘చాందా రైల్వే ఆందోళన’ అంటారు. హైదరాబాద్‌లో హిందూ ముస్లింలు కలిసి ఒక ప్రభుత్వ పథకం లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

జవాబ్‌గా లెక్క రాలేదు, షహర్ విడిచి పొమ్మన్న హుకుం వచ్చింది. ఆ మే నెలలోనే అఘోరనాథ్‌ని రియాసత్ సరిహద్దు దాటించారు. తర్వాత కొన్నేళ్లకి ఆయన్ని తిరిగి రానిచ్చారు, అది వేరే కథ. సౌదా మాత్రం ఆగలేదు. కంపెనీ ఏర్పడింది, 1885లో లైను దాని చేతికి వెళ్లింది.

అప్పుడు ఏ పని ముందు జరిగిందో చూడండి. 1886లో వరంగల్ వైపు లైను వచ్చింది. 1888లో డోర్నకల్ నుంచి ఇల్లెందు బొగ్గు గనులకి కొమ్మ పడింది. 1889లో బెజవాడ చేరింది. 1871లోనే డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనుక్కున్నారు. రైలింజనుకి బొగ్గు కావాలి, బొగ్గుకి రైలు కావాలి. కాబట్టి గనుల దారి ముందు. కంపెనీ లెక్కలో అది తప్పు కాదు. కానీ ఏ ఊరి పేరు మీద ఇంత గొడవ జరిగిందో, ఆ చాందా దారి, అంటే కాజీపేట నుంచి బల్లార్షా లైను, పూర్తయింది 1929లో. నలభై ఆరేళ్ల తర్వాత! నల్గొండ, కరీంనగర్ పట్టణాలైతే రైలు కూత వినడానికి రియాసత్ పోయి, స్వాతంత్ర్యం వచ్చి, ఇంకా చాలా ఏళ్లు గడవాల్సి వచ్చింది. అక్కడ జనం లేరా? ఉన్నారు. కంపెనీకి నఫా లేదు, అంతే.

బొగ్గు గనుల సౌదా ఇంకా చేదు. 1886లో గనుల హక్కు కోసం లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. అందులో షేర్ల పెద్ద భాగం పైసా నగదు పెట్టకుండానే రాయితీ సంపాదించిన వాళ్ల చేతికి పోయింది. రియాసత్ తరపున లండన్‌లో రైల్వే మంతనాలు నడిపిన సర్దార్ అబ్దుల్ హక్‌కీ అందులో హిస్సా దక్కింది. అసలు ధర కంటే ఎక్కువకి ఆ షేర్లే నిజాం సర్కార్‌కి అమ్మారు. ఒకే మనిషి అటు కొనేవాడి తరపునా, ఇటు అమ్మేవాడి తరపునా కూర్చున్నాడు. 1888లో లండన్ పార్లమెంటు ఒక సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది, అబ్దుల్ హక్ పదవి పోయింది. అయిదేళ్ల కింద అఘోరనాథ్, ముల్లా సాహబ్ అడిగిన సవాళ్లు ఎంత సహీయో అప్పుడు చాలామందికి అర్థమైంది.

ఇన్సాఫ్‌గా ఇంకోవైపు కూడా చెప్పాలి. రైలు మన ఇళ్లకి రోజీ తెచ్చింది. మా దాదా కాజీపేట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు. బొగ్గు పారతో ఆయన అరచేతులు గట్టిపడి ఉండేవి. 1930కి ముందు సంగతులు చెబితే ‘కంపెనీ రేల్’ అనేవారు, తర్వాతి సంగతులకి ‘సర్కారీ రేల్’ అనేవారు. చిన్నప్పుడు నాకు ఆ తేడా తెలియలేదు. 1930 ఏప్రిల్ 1న నిజాం సర్కార్ ఆ కంపెనీని కొనేసిందని చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. రెండేళ్లకే, 1932లో, ఆ సర్కారీ రైల్వేనే 27 బస్సులతో, 166 మంది నౌకర్లతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి జడ అదే. నఫా, నుక్సాన్ రెండూ తన చేతికి వచ్చాక సర్కార్ రైలు అందని ఊళ్ల గురించీ సోచాయించింది.

ఖజానా సొంత పైసలతో ఎలా పని ఎంచుకున్నారో చూడాలంటే మూసీ వైపు తిరగండి. 1908 సెప్టెంబరు 28 తుగ్యానీలో వేల ప్రాణాలు పోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన మష్వరా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. వరద ఆపడం, షహర్‌కి తాగునీరు ఇవ్వడం, రెండూ ఒకే పనిలో తీరాయి. అక్కడ ‘ఎంత శాతం వస్తుంది’ అని అడిగిన కంపెనీ లేదు. అవామ్ జరూరత్ ముందు కూర్చుంది, లెక్క దాని వెనక వచ్చింది.

ఇప్పుడు మన జమానాకి వద్దాం. హైదరాబాద్ మెట్రో దేశంలోని పెద్ద పిపిపి పనుల్లో ఒకటి. 2008లో మేటాస్ కూటమి టెండరు గెలిచింది. సర్కార్ నుంచి పైసా తీసుకోకపోగా, 34 ఏళ్లలో తానే 30,311 కోట్లు కడతానంది. వినడానికి ఎంత మీఠాగా ఉంది! ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇందులో రైలు కంటే భూముల వ్యాపారమే ఎక్కువగా ఉందని హెచ్చరించారు. అప్పటి ప్రభుత్వానికి కోపం వచ్చింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, కొన్ని నెలలకి ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది. ఈసారి కేంద్రం 1,458 కోట్ల ‘వయబిలిటీ గ్యాప్ ఫండ్’ ఇస్తుందన్నారు. టికెట్ల ఆమ్‌దనీతో గిట్టుబాటు కాని చోట, ఆ ఖాళీని పూడ్చే సర్కారీ సొమ్ము ఇది. ఎన్.జి.ఎస్.ఆర్. జమానత్‌కి ఇది దూరపు చుట్టమే, కానీ మెరుగైన చుట్టం. ఎందుకంటే దీనికి ముందే హద్దు ఉంటుంది.

2017 నవంబరు 28న మియాపూర్, నాగోల్ మధ్య మెట్రో కదిలింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ లైను తెరుచుకుంది. అసలు నక్షాలో ఆ లైను ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. ఆ చివరి అయిదున్నర కిలోమీటర్లు మాత్రం ఆగిపోయాయి. దారి మార్చాలన్న బహస్, ఆస్తుల సేకరణ, మసీదులూ అషూర్‌ఖానాలూ పాత కట్టడాలూ దెబ్బతింటాయన్న భయం, నాయకుల అభ్యంతరాలు, అన్నీ ఉన్నాయి. వాటిలో కొన్ని వాజిబే. కానీ హైటెక్ సిటీకి రైలు చేరి, పాతబస్తీకి చేరకపోవడం కూడా ఒక ఎంపికే. పని వాయిదా వేయడమంటే దాన్ని లిస్టులో కిందికి నెట్టడమే. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ఆ ముక్కకి పునాది రాయి పడింది. 2025 సెప్టెంబరులో మెట్రో మొదటి దశని తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, దానితో పాటు దాదాపు 13,000 కోట్ల అప్పును కూడా. 1930 ఏప్రిల్ నాటి ముచ్చట గుర్తొస్తోందా?

నేను ప్రైవేటు పూంజీకి దుష్మన్‌ని కాను. ఖజానా ఒక్కటే అన్నీ కట్టలేదు. కంపెనీకి హునర్ ఉంటుంది, రఫ్తార్ ఉంటుంది. కానీ ఈ తారీఖ్ చదివాక, కొత్త ప్రాజెక్టు పేరు వినగానే నేను నాలుగు సంగతులు చూస్తాను. ఈ జరూరత్ ఎవరిది, జనానిదా, కట్టేవాడిదా? నుక్సాన్ వస్తే ఎవరు భరిస్తారు, దానికి హద్దు ఉందా? సౌదా చేసేవాడికి రెండు వైపులా హిస్సా ఉందా? నఫా తక్కువని మొదట కోసేసే బస్తీ ఏది?

నాలుగోది మన కుటుంబాలకి మరీ దగ్గరి సవాల్. సాధారణంగా కోత పడేది మన మొహల్లాల మీద, మన తాండాల మీద, మన చిన్న పట్టణాల మీద. అందుకే మీటింగుకి పిలిచినప్పుడు వెళ్లాలి. అభ్యంతరం ఉంటే రాసివ్వాలి, దానితో పాటు వేరే దారి కూడా చూపాలి. ఉత్త ‘వద్దు’ వల్ల పాతబస్తీకి ఎన్ని ఏళ్లు పోయాయో చూశాం కదా.

ఇళ్లలో చదువుకున్న పిల్లలకి ఒక పని చెప్పండి. మీ ఊళ్లో జరుగుతున్న ఏదైనా ఒక పిపిపి పని ఒప్పందం నకలు కోసం దరఖాస్తు పెట్టమనండి. అఘోరనాథ్‌ని సరిహద్దు దాటించింది ఆ కాగితం అడిగినందుకే. 2005 నుంచి సమాచార హక్కు చట్టం కింద దాన్ని అడిగే హక్ మనకుంది. ఫీజు 10 రూపాయలు.